ఏన్కూరు పోస్టింగు

తండా నుంచి,
ఏన్కూరు మండలం,
జూన్ 2003

రామ్‌చందర్ మామకు,

నీ మేనకోడలు సోని నమస్కారం. ఇది ఫోన్లో చెప్పాల్సిన సంగతే. కానీ మీ బూర్గంపాడు సబ్‌స్టేషన్‌లో ఫోన్ రిసీవర్ ఎప్పుడూ పక్కన తీసిపెట్టి ఉంటుందని జిల్లా అంతటికీ తెలుసు. నీ నంబరు చెప్పగానే ఏన్కూరు ఎస్టీడీ బూత్ అతను కూడా నవ్వాడు. రైతుల ఫోన్లకు జడిసి ఏఈ గారివైన నువ్వు చేసుకున్న ఏర్పాటు వల్ల నేను కవరు కొనాల్సి వచ్చింది. మన లంబాడీలో తిడదామంటే దానికి అక్షరాల్లేవు. అందుకే మర్యాదగా తెలుగులో రాస్తున్నాను.

ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఆ రోజు నుంచి కనబడ్డ ప్రతివాళ్లూ సలహాదారులే. ఖమ్మం బస్సు కండక్టర్ చిల్లర ఇవ్వడం మానేసి, "కంప్యూటర్స్ తీస్కో బిడ్డా, ఏసీల కూసుంటే జీతం అదే వస్తది" అన్నాడు. చిల్లర మాత్రం రాలేదు.

నాకు ఎలక్ట్రికల్ కావాలి. ఎందుకో చెబుతాను, నవ్వకు. మొన్న మా బావుల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలింది. నాన్నావాళ్లు దాన్ని ట్రాక్టర్ మీద ఖమ్మం రిపేరు షెడ్డుకు మోసుకెళ్లారు. మీ డిపార్ట్‌మెంట్ ఆస్తిని రైతే మోయాలి కదా, అది మీ ఆచారం. అన్నం గిన్నె పట్టుకొని నేనూ వెళ్లాను. అక్కడ దాని మూత తీశారు. ఇన్నేళ్లూ దాన్ని దూరం నుంచి చూసి ఇనుప డబ్బా అనుకున్నాను మామా. లోపల నూనెలో రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంది, పొర పొరకీ మధ్య కాగితం! ఒక్కచోట మాత్రం నల్లగా మాడిపోయి ఉంది. "ఎందుకు కాలింది?" అని అడిగాను. అక్కడున్న మేస్త్రీ, "కాలింది గాబట్టే గదా నువ్వొచ్చినవ్. పక్కకు జరుగు" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే చదువు ఏదైతే అదే నాకు కావాలి.

ఇక అసలు సంగతి. వచ్చే ఆదివారం నా బ్రాంచి మీద నసాబ్ కూర్చుంటోంది. అవును, పెళ్లిళ్లూ గట్ల తగాదాలూ తేల్చే మా తండా పంచాయితీ ఇప్పుడు బీటెక్ కూడా తేలుస్తుంది. సోమ్లా నాయక్ తాత ఏదంటే అదే. తాతకు తెలిసిన ఇంజనీరువి నువ్వొక్కడివే. ఎలక్ట్రికల్ మంచిదని ఆయనకు నాలుగు ముక్కలు రాయి. ఈ ఒక్కటీ చెయ్యి మామా, ఇంకేమీ అడగను.

సోని


బూర్గంపాడు,
జూన్ 2003

ఇంజనీరు కాబోతున్న సోనికి,

మామ దీవెనలు. రిసీవర్ సంగతి అంత గట్టిగా చెప్పకు. ఇన్నేళ్ల సర్వీసులో నేను సొంతంగా చేసిన ఇంజనీరింగ్ అదొక్కటే.

నువ్వు ఎలక్ట్రికల్ అంటున్నావు కాబట్టి, మిగతావాళ్లు ఏం వెలగబెడుతున్నారో కూడా తెలుసుకో. సివిల్ చదివినవాడు రోడ్డు వేస్తాడు. వాన కురుస్తుంది. మళ్లీ అదే రోడ్డు వేస్తాడు. ఆ విధంగా జీవితాంతం పనికి కరువు ఉండదు. మెకానికల్ వాడు నాలుగేళ్లు విమానాల గురించి చదివి, పాల్వంచ దగ్గర ఏదో ఒక బాయిలర్ ముందు చెమట కక్కుతుంటాడు. ఇంటికొస్తే చుట్టాలంతా చెడిపోయిన మోపెడ్లు తెచ్చి వాకిట్లో పెడతారు. మైనింగ్ అన్నావంటే, ఆడవాళ్లను బొగ్గు బావిలోకి దించకూడదని చట్టమే ఉంది. ఆ ఒక్కదాని నుంచి ప్రభుత్వం నిన్ను కాపాడింది.

ఎలక్ట్రికల్ అంటే నేనే. కరెంటు ఉన్నప్పుడు నన్ను ఎవ్వరూ తలచుకోరు. పోగానే మా అమ్మను కూడా కలిపి తలచుకుంటారు. గాలివానకు స్తంభం పడ్డా, కోతి తీగ మీద ఊగినా, పైనుంచి కోత పెట్టినా తప్పు నాదే. అదే కంప్యూటర్ చూడు. అది ఆగిపోతే తప్పు తనదేమోనని కొన్నవాడే భయపడతాడు. అంత మర్యాదైన యంత్రం ఇంకొకటి లేదు. కాబట్టి నోరు మూసుకొని కంప్యూటర్స్ తీసుకో.

నా సంగతి అడగలేదు గానీ చెబుతాను. పిల్లల చదువుల కోసం మీ అత్త ఖమ్మంలో ఉంటోంది, నేను ఇక్కడ. ఆదివారాలు చుట్టంలాగా వెళ్లొస్తున్నాను. మొన్న తలుపు తీసి మా చిన్నోడు లోపలికి కేకేశాడు: "అమ్మా, కరెంటాయన వచ్చిండు!" ఖమ్మం టౌన్ పోస్టింగ్ కోసం తిరగని ఆఫీసు లేదు, పెట్టని దండం లేదు. నీకూ ఇదే రాత కావాలా?

నాయక్ తాతకు తప్పకుండా రాస్తాను. ఏం రాస్తానో నీకు అనవసరం.

మామ


తండా నుంచి,
జూలై 2003

నమ్మించి గొంతు కోసిన మామకు,

నీ ఉత్తరాన్ని, తాత పక్కన కూర్చొని పెత్తనం చేసే కార్‌భారి దేవ్లా నసాబ్‌లో అందరి ముందూ చదివాడు. "పిల్ల మాట వినకండి, కంప్యూటర్సే ఇప్పించండి" అని ఎంత ముద్దుగా రాశావు! చదువుతుంటే నాన్న నా వంక చూడలేక గడ్డిపోచలు తుంచుతూ కూర్చున్నాడు.

నీ దురదృష్టం, నాయక్ తాతకు ఒక అనుమానం వచ్చింది. "ఈ కంప్యూటర్ సదువు అందరు తీస్కోమంటున్నరా?" అని అడిగాడు.

"అవ్ తాతా. ఖమ్మంల ఎవ్వలిని అడిగినా గదే మాట" అన్నాడు దేవ్లా.

"అయితే వద్దు. మొన్న జిల్లా జిల్లంతా మిర్చి ఏసింది. ఏమైంది? యార్డుల బస్తాల మీద పండి పండి, అమ్ముడుపోక వాపస్ తెచ్చుకుంటిమి. అందరు ఏసిన పంట మనం ఎయ్యొద్దు."

అంతే మామా. దేశమంతా ఎగబడుతున్న కంప్యూటర్ సైన్స్ మా తండాలో మిర్చి కింద కొట్టుకుపోయింది. చుట్టూ తలలన్నీ అవునన్నట్టు ఊగాయి. ఆ దెబ్బకు అందరి కళ్లూ ఇంకా మండుతూనే ఉన్నాయి కదా.

తర్వాత తాత నన్ను పిలిచి, "కరెంటు సదివితే మన ఏన్కూరు సబ్‌స్టేషన్ల కూసుంటవా?" అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపలే దేవ్లా, "కూసుంటది తాతా, ఇంకేడికి పోతది?" అన్నాడు, పోస్టింగులు వాళ్ల ఇంట్లోనే తయారవుతున్నట్టు. సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టారు. నిప్పుల మీద నెయ్యీ బెల్లం వేసి, ఆ పొగ ముందు నాతో మాట తీసుకున్నారు. చదువు కాగానే వచ్చి ఏన్కూరులోనే ఉద్యోగం చేస్తానని.

ఇచ్చేశాను. కావలసింది చేతికొస్తుంటే షరతు ఎవరికి వినబడుతుంది? కౌన్సెలింగ్‌కు తాతా దేవ్లా కూడా వచ్చి, నేను ఎలక్ట్రికల్ మీద నొక్కిందాకా కుర్చీ వెనక నిలబడ్డారు. ఖమ్మంలోనే సీటు వచ్చింది.

నువ్వు చేసింది మాత్రం మర్చిపోను.

సోని


బూర్గంపాడు,
జూలై 2003

మిర్చి ఇంజనీరుకు,

అభినందనలు. పోస్టింగులు మీ తండాలోనే ఇస్తారని ముందే తెలిస్తే నేను హైదరాబాద్ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగేవాణ్ని కాదు. సోమ్లా తాత కాళ్ల దగ్గరే కూర్చునేవాణ్ని.

పిచ్చిదానా, ఉద్యోగం మనం అడిగిన ఊళ్లో ఇస్తారా? అడవిలో పడేస్తారు, లేదా అసలే ఇవ్వరు. మీ పెద్దలకు తెలియదు సరే, నీకైనా తెలియొద్దా? వేరే ఎవరికైనా ఇచ్చిన మాట అయితే నవ్వి ఊరుకునేవాణ్ని. భోగ్ ముందు ఇచ్చావు. అది రేపు నీ మెడకే కాదు, మీ నాన్న మెడకూ చుట్టుకుంటుంది.

సరే, అయిందేదో అయింది. బాగా చదువు. నా పాత పుస్తకాలు బస్సులో పంపిస్తున్నాను. మొదటి పేజీలు చెదలు తిన్నాయి. చివరి పేజీలు నేను ఎన్నడూ తెరవలేదు, కొత్తగానే ఉంటాయి.

మామ


ఖమ్మం, హాస్టల్ నుంచి,
డిసెంబర్ 2005

మామకు,

మూడో ఏడుకొచ్చాను. కాలేజీ ఎలా ఉందని అడిగావు. బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడ ఎవ్వరూ తాము చదివేది చదవడం లేదు. సివిల్ వాళ్లు సాయంత్రం జావా నేర్చుకుంటున్నారు. మెకానికల్ వాళ్లు ఒరాకిల్ అంటున్నారు. మా సార్ మోటారు గురించి చెబుతుంటే వెనక బెంచీ మీద ఇంగ్లీష్ ఇంటర్వ్యూ పుస్తకం చేతులు మారుతుంటుంది. సార్ కూడా ఏమీ అనడు, ఆయన కూడా సాఫ్ట్‌వేర్‌కే ప్రయత్నిస్తున్నాడట.

నేనూ ఒక రోజు జావా క్లాసుకు పోయి కూర్చున్నాను. నిద్ర పట్టింది. ల్యాబ్‌లో మాత్రం చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విప్పమంటే అన్నం టైము దాటింది కూడా తెలియలేదు. పక్కనున్న అబ్బాయి, "రిజర్వేషన్ల వచ్చినోళ్లకు గింత కష్టమెందుకు?" అన్నాడు. "నువ్వు ఏ వైరు ఎక్కడ పెట్టావో చూసుకో" అన్నాను. చూసుకునే లోపలే వాడి ఫ్యూజ్ టప్‌మంది. ఆ రోజంతా చాలా సంతోషంగా ఉన్నాను మామా, దాచిపెట్టను.

రిపేరు షెడ్డులో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. కరెంటు రాగానే మోటార్లు వాటంతటవే తిరగడానికి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటున్నారు. మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే అంత బరువు ఒక్కసారే మీద పడి తీగ వేడెక్కుతుంది, కాగితం మాడుతుంది. సెలవులకు పోయి నాన్నకు చెప్పాను. "అందరు తీస్తే నేనూ తీస్త" అన్నాడు. అందరూ అదే అన్నారు. కాబట్టి ఎవ్వరూ తీయలేదు.

నీ ఖమ్మం పోస్టింగ్ ఎక్కడిదాకా వచ్చింది?

సోని


బూర్గంపాడు,
జనవరి 2006

చిరంజీవి సోనికి,

ఖమ్మం పోస్టింగ్ హైదరాబాద్ దాటి, అడవి దాటి, కొత్తగూడెం దాకా వచ్చి టీ తాగుతోందట. వచ్చే ఏడాది తప్పక వస్తుందని మా డీఈ గారి మాట. పోయిన ఏడాదీ ఇదే మాట, అయినా నమ్మడం అలవాటైపోయింది.

అబ్బాయి ఫ్యూజ్ సంగతి చదివి సబ్‌స్టేషన్‌లో ఒక్కణ్నే నవ్వాను. ఆపరేటర్ వీరబాబు, "సారుకు దవాఖానాల సూపించాలె" అని గొణిగాడు.

ఇష్టంగా చదువుతున్నావు. నా క్లాసులో అట్లాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆలోచించాను. ఎవ్వరూ గుర్తు రాలేదు. నేనూ గుర్తు రాలేదు.

మామ


ఖమ్మం,
ఫిబ్రవరి 2007

మామా!

ఉద్యోగం వచ్చింది! హైదరాబాద్ అవతల ట్రాన్స్‌ఫార్మర్లు తయారు చేసే ఫ్యాక్టరీ. టెస్టింగ్ సెక్షన్. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటికి పంపే ముందు దాని మీద ఎంత భారం పడితే ఎక్కడ వేడెక్కుతుందో చూసేది మేమే. క్లాసంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల ముందు వరస కట్టింది. ఈ ఫ్యాక్టరీ వాళ్లు వస్తే గదిలో ఉన్నది నేనూ ఫ్యానూ. అయినా గంటసేపు ప్రశ్నలతో పిండారు. చివర్లో ఆ పెద్దాయన, "ఇది ఎందుకు ఎంచుకున్నావు?" అన్నాడు. రిపేరు షెడ్డు సంగతి చెప్పాను. జూలైలో చేరమన్నారు.

ఆదివారం తండాకు వెళ్లి తాతకు చెప్పాను. తాత నవ్వలేదు. "మరి ఏన్కూరు?" అన్నాడు.

డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏడాది నోటిఫికేషనే లేదని, ఉన్నా ఏన్కూరు ఇవ్వరని చెప్పాను. "వచ్చేదాక ఇంట్ల ఉండు. మాటిస్తివి గదా" అన్నాడు. నాకు కోపం వచ్చి గట్టిగా మాట్లాడాను. అప్పుడు ఆయన మెల్లగా చెప్పాడు: "సదువుకున్నోళ్లు పోయిండ్రు. పోయినోళ్లు పోయినట్టే. కరెంటాఫీసుల మనం పోతే కుర్చీ గూడ సూపరు. మన పిల్ల ఆడ కూసుంటే మన దిక్కు సూస్తదని ఆశపడ్డం. గది తప్పా బిడ్డా?"

తప్పని ఎలా అనను మామా? కానీ నేను ఇంట్లో కూర్చుంటే ఎవరికి కరెంటు వస్తుంది? మాట తప్పితే నాన్న ఇక నసాబ్‌లో కూర్చోలేడు. నిలబెట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. ఒకసారి వచ్చి తాతతో మాట్లాడు. నీ మాట వింటాడు.

సోని


బూర్గంపాడు,
మార్చి 2007

సోనికి,

శుభాకాంక్షలు. మాట ఇచ్చేటప్పుడు మామ గుర్తు రాలేదు, విప్పుకునేటప్పుడు గుర్తొచ్చాడు. చాలా సంతోషం.

నేను అప్పుడే చెప్పాను, కంప్యూటర్స్ తీసుకోమని. తీసుకుని ఉంటే ఈ భోగ్ లేదు, ఈ ఏన్కూరు లేదు. నీకూ మీ తాతకూ మధ్యలోకి నన్ను లాగకు. నా ఖమ్మం ఆర్డర్ సంతకం దాకా వచ్చింది. ఈ టైములో నాకు ఏ గొడవలూ వద్దు.

పరీక్షలు బాగా రాయి.

మామ


ఖమ్మం,
ఏప్రిల్ 2007

శ్రీ రామ్‌చందర్ గారికి,

నమస్కారములు. మీ ఉత్తరం అందినది. మీ ఖమ్మం బదిలీ సందర్భంగా మా అభినందనలు స్వీకరించగలరు.

పరీక్షలు కాగానే ఫ్యాక్టరీ వాళ్లకు రానని చెప్పి తండాకు వెళ్తున్నాను. నాన్న తల దించుకోవడం నేను చూడలేను. నోటిఫికేషన్ వచ్చేదాకా మిర్చి కోస్తాను. ఇంజనీరింగ్‌లో ఎన్ని రకాల ఉద్యోగాలున్నాయో తమరు ఒకప్పుడు వివరంగా రాశారు. ఇది అందులో లేదు, చేర్చుకోగలరు.

ఇకపై ఉత్తరాలు రాసి తమ విలువైన సమయం వృథా చేయను.

ఇట్లు,
సోని


ఖమ్మం,
మే 2007

మామా,

నాన్న ఇప్పుడే హాస్టల్‌కు వచ్చి వెళ్లాడు. ఒళ్లో కాగితం పెట్టుకొని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే ఏమనుకోకు.

నువ్వు తండాకు వచ్చావట. నసాబ్ పెట్టించావట. "పిల్ల ఇచ్చిన మాట నా మీద ఏసుకుంటున్న. ఏన్కూరు సబ్‌స్టేషన్ల కూసునేది నేను. పిల్లను ఇడిసిపెట్టుండ్రి" అన్నావట. తాత నమ్మలేక, "నీకు ఖమ్మం వస్తదంటివి గదరా?" అని అడిగితే, "వచ్చింది. వద్దని రాసిచ్చి, ఏన్కూరు అడుక్కున్న" అన్నావట.

ఆ తర్వాత తాత, "మేనమామవు. అడిగే హక్కు నీకున్నది" అని నెయ్యి గిన్నె నీ చేతికే ఇచ్చాడట. నువ్వు భోగ్ వేసి మాట ఇచ్చావట. రిటైరయ్యేదాకా ఇంకో ఊరు అడగనని. ఇది చెబుతూ నాన్న ఏడ్చాడు మామా. నాన్న ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. నేను హాస్టల్ మెట్ల మీద కూర్చొని, అమ్మాయిలంతా చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను.

నీకు నేను ఎంత చెడ్డ ఉత్తరం రాశాను! గారు అన్నాను, తమరు అన్నాను. అప్పటికే నువ్వు ఖమ్మం వద్దని రాసిచ్చి ఉన్నావా? ఎందుకు చెప్పలేదు? పిల్లల దగ్గర ఉండాలని ఎన్నేళ్లు తిరిగావు! అత్తకు నేను ముఖం ఎలా చూపించాలి?

నాకు ఈ ఉద్యోగం ఇలా వద్దు. రెండేళ్లు చేసి, నోటిఫికేషన్ రాగానే పరీక్ష రాసి, ఏన్కూరుకు వచ్చి నిన్ను విడిపిస్తాను. ఒట్టు. నువ్వంటే నాకు ఎంత ప్రేమో చెప్పడం రాదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాశాను.

నీ సోని


ఏన్కూరు,
జూన్ 2007

చిరంజీవి సోనికి,

ముందుగా ఆ ఒట్టు వెనక్కి తీసుకో. నీకు ఒట్లు పెట్టడం ఒక జబ్బుగా తయారైంది.

నాకు పోస్టింగ్ వచ్చిన తీరు విను. "బదిలీకి ఏడ్చేవాళ్లను చూశాను గానీ, ఏన్కూరు కావాలని ఏడ్చినవాణ్ని నా సర్వీసులో చూడలేదు" అని పెద్ద సారు అన్నారు. నా ఆరోగ్యం గురించి అడిగారు. ఇంట్లో అంతా బాగేనా అని అడిగారు. మనసు మార్చుకుంటానేమోనని అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఇన్నేళ్ల నా తిరుగుళ్లలో ఇంత తొందరగా అయిన పని ఇదొక్కటే. ఆ సంతకం నీ 'తమరు' ఉత్తరం రాకముందే అయింది. ఆ ఉత్తరం బాగుంది, దాచుకున్నాను.

మీ అత్త నాతో మాట్లాడటం మానేసింది. బూర్గంపాడు కంటే ఏన్కూరు ఖమ్మానికి ఎంతో దగ్గర, రోజూ రాత్రికి వచ్చేస్తానని చెప్పాను. మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగింది. ఇక ఫరవాలేదు.

ఇక్కడి సంగతులు. చేరిన రోజే మీ తాతా దేవ్లా వచ్చారు. కుర్చీలు వేయించాను. చాలాసేపు కూర్చున్నారు. ఏమీ అడగలేదు, ఊరికే కూర్చుని, టీ తాగి వెళ్లారు. అప్పుడు నాకు లోపల ఏదో అయింది. ఏమిటని అడక్కు.

మర్నాటి నుంచి మాత్రం అడగడం ఆపలేదు. ఆటో స్టార్టర్లు తీయించమని నసాబ్‌కు చెప్పాను. అందరూ తీశారు, ఒక్క మీ నాన్న తప్ప. ఏఈ తన బావమరిదేనట, అందుకే తనకు ఆ రూలు వర్తించదట.

నన్ను విడిపిస్తానని రాశావు. నేనేమీ జైల్లో లేను. ఒక్కసారే చెబుతాను, మళ్లీ అడిగినా చెప్పను. నేను ఈ చదువు చదివింది ఎవరో చదవమంటే. ఉద్యోగం చేసింది జీతం కోసం. ఇది కావాలని అడిగి, కొట్లాడి, ఇష్టంతో ఇంజనీరైన మనిషిని మన రెండు వైపుల చుట్టాల్లో నిన్నొక్కదాన్నే చూశాను. ఆ మనిషిని తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టి, లైన్‌మన్ల హాజరు వేయిస్తుంటే చూస్తూ ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. నువ్వంటే నాకూ ప్రాణమే. ఇది ఎక్కడా అనకు, ఆఫీసులో నా మాట ఎవ్వరూ వినరు.

జూలైలో ఫ్యాక్టరీలో చేరి, ఆ రోజే నాకు ఉత్తరం రాయి. చేరకుండా పెట్టె సర్దుకొని తండాకు వచ్చావో, మీ నాన్న మోటారుకు ఫ్యూజు పీకి నా జేబులో వేసుకుంటాను. మాట ఇస్తున్నాను. నేను ఇచ్చిన మాట ఎట్లా ఉంటుందో మీ తాతను అడుగు.

మామ